డ్రోసెరా మైక్రోశాటిలైట్లు: 40 జతల ప్రైమర్లలో 5 మాత్రమే తేడా చూపిస్తున్నాయి. తప్పు మార్కర్లదా, మొక్కదా?

తడినేల:

పీహెచ్‌డీ మూడో ఏడు నడుస్తోంది. నా మొక్క డ్రోసెరా బర్మాని, పురుగులను పట్టి తినే మొక్క. చూడనివారి కోసం చెబుతున్నాను: వానలు వెనకబట్టాక ఇసుక నేలలో నీరు ఊరే చోట, పది రూపాయల నాణెమంత వెడల్పున నేలకు అతుక్కుని పెరుగుతుంది. ఆకు నిండా ఎర్రటి నూగు, నూగు చివర బంక చుక్క. చీమ తగిలితే అంచున ఉన్న పొడవాటి నూగులు క్షణాల్లో లోపలికి వంగిపోతాయి. మొదటిసారి భూతద్దంలో అది చూసిన రోజే ఈ మొక్క మీద పని చేయాలని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు ఆ రోజును తిట్టుకుంటున్నాను.

శేషాచలం కొండల అంచున మూడు చోట్ల, అరకు వైపు ఒక చోట, నాలుగు తావుల నుంచి 62 మొక్కలు తెచ్చాను. అనుమతి కాగితాలు చేతికొచ్చేసరికి ఒక వానాకాలం దాటిపోయింది, అది వేరే కథ. ఈ జాతికి నాకు సరిపడే మార్కర్లు, అంటే మొక్కకూ మొక్కకూ తేడా చూపే డీఎన్ఏ గుర్తులు, దొరకలేదు. అందుకే ఒక మొక్క డీఎన్ఏను పైపైన సీక్వెన్సింగ్ చేయించి, అందులో రెండేసి, మూడేసి అక్షరాలు పదే పదే వచ్చే చోట్లు (ఇవే మైక్రోశాటిలైట్లు) వెతికి, పీసీఆర్‌లో ఆ చోట్లకు నకళ్ళు తీయడానికి కావలసిన చిన్న డీఎన్ఏ ముక్కలు, అంటే ప్రైమర్లు, 40 జతలు తయారు చేయించాను. 24 జతలు జెల్ మీద శుభ్రమైన పట్టీ ఇచ్చాయి, 16 ఏమీ ఇవ్వలేదు. ఆ 24లో తేడా కనిపించినవి 5. మిగతా 19 ఏ మొక్కలో చూసినా ఒకే ఎత్తులో ఒకే పట్టీ, పరీక్షలో కాపీ కొట్టినట్టు.

ఆ 5 మార్కర్లతో 62 మొక్కలనూ, ముక్కల పొడవును నిక్కచ్చిగా కొలిచి శిఖరాలుగా చూపే కేపిలరీ యంత్రంలో చదివించాను. విషమయుగ్మజాలు, అంటే ఒకే మార్కరుకు రెండు వేర్వేరు రూపాలు ఉన్న మొక్కలు, దాదాపు లేవు. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఐదు మార్కర్లలోనూ శూన్య యుగ్మవికల్పాలు (ప్రైమరు అతుక్కోక పట్టీ ఇవ్వని జన్యురూపాలు) ఉన్నాయని ఎర్రజెండా ఊపుతోంది. పైగా రెండో తావు నుంచి తెచ్చిన మూడు శాంపిళ్ళలో, ఒక మార్కరుకు ఉండకూడని చోట ఇంకో శిఖరం వస్తోంది.

మా గైడు గారు ‘ఇవి పక్కన పెట్టమ్మా, ఐఎస్‌ఎస్‌ఆర్ చేసెయ్, నెలలో బోలెడు పట్టీలు వస్తాయి’ అంటున్నారు. ఒకే ప్రైమరుతో జీనోములో చాలా చోట్ల నుంచి ఒకేసారి పట్టీలు తీసే పద్ధతి అది. రెండేళ్ళ పని పారేయడానికి మనసు ఒప్పడం లేదు. డబ్బు కూడా అడుగంటింది. ఏం చేయమంటారు?

జెల్‌ముందు:

ముందు డీఎన్ఏ సంగతి తేల్చండి. మార్కర్ల గురించి తరువాత మాట్లాడుకుందాం. మీరు రాయలేదు గానీ నేను చెబుతాను, సరి చూసుకోండి: గొట్టం అడుగున దిగిన డీఎన్ఏ ముద్ద పలచని టీ రంగులో ఉంటుంది. పిపెట్‌తో పీలిస్తే తేనెలా సాగుతుంది, వదిలితే కొసకే వేలాడుతుంది. అవునా?

ఆ సాగుడు చీమలను పట్టే బంక. అది పాలీశాకరైడు. ఆల్కహాలు పోసినప్పుడు డీఎన్ఏతో పాటు అదీ అడుగుకు దిగుతుంది. రంగు ఫినాలు పదార్థాలది, వాటితో పాటు ప్లంబాజిన్ లాంటివాటిది. మన చిత్రమూలం వేరులో ఉండే ప్లంబాజినే డ్రోసెరాలోనూ ఉంటుంది. ఈ రెండూ పీసీఆర్ గొంతు నొక్కుతాయి. డీఎన్ఏ తీసే సీటాబ్ బఫరులో, ఫినాళ్ళను పట్టేసే పీవీపీ రెండు శాతం వేయండి, మెర్కాప్టోఇథనాల్ దాన్ని వాడే రోజే కలపండి, నిన్న కలిపినది వద్దు. క్లోరోఫాం రెండుసార్లు. ఆల్కహాలు పోసే ముందు ఉప్పు గాఢత బాగా పెంచండి, బంక చాలావరకు పై ద్రవంలోనే ఉండిపోతుంది. అప్పటికీ మొండికేస్తే డీఎన్ఏను పదింతలు పలచన చేసి పీసీఆర్ పెట్టండి. తక్కువ పోస్తే ఎక్కువ రావడం ఏమిటని మొదట నేనూ నమ్మలేదు.

ఇక అసలు సంగతి. ఏ ఆకులు తీశారు? విచ్చుకున్న ఆకులైతే వాటి మీద చీమలు, దోమలు, బూజు, బాక్టీరియా అన్నీ ఉంటాయి. మీరు సీక్వెన్సింగ్‌కు పంపింది మొక్క డీఎన్ఏ ఒక్కటే కాదు, ఆ వారం దాని భోజనం కూడా. మీ 40 జతల్లో కొన్ని చీమ సీక్వెన్సు మీద తయారై ఉండవచ్చు. పని చేయని 16 జతలను, తేడాగా వచ్చే ఆ మార్కరును బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్సులతో పోల్చే సాధనం) వేసి చూడండి.

ఇది నాకు తగిలిన దెబ్బ కనుక చెబుతున్నాను. చెరువుల్లో తేలే యుట్రిక్యులేరియా మీద పని చేస్తూ, పురుగులను పట్టే దాని తిత్తులతో సహా నూరేశాను. వచ్చిన డేటాలో నాచు, రోటిఫర్లు, ఇంకా ఏవేవో. మొత్తం చెరువును సీక్వెన్సు చేసినట్టయింది. ఆ తరువాత నీటి పైకి వచ్చే పూల కాడ తప్ప ఏదీ ముట్టలేదు. డ్రోసెరాకూ అంతే: పూల కాడ, లేదా ఇంకా చుట్ట విప్పని లేత ఆకు. చుట్ట విప్పని ఆకు ఇంకా ఏ పురుగునూ పట్టలేదు కదా.

కూజామొక్క:

జెల్‌ముందు గారు చెప్పినదంతా నిజం. నేను ఐఎస్‌ఎస్‌ఆర్ గురించి మాత్రమే మాట్లాడతాను, ఎందుకంటే ఆ బావిలో నేను దూకి చూశాను.

మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానా మీద కొన్నాళ్ళు పనిచేశాను. మన దేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క అదొక్కటే. అక్కడి గారో తెగవారు దాన్ని మేమాంగ్ కోక్సి అంటారు, దెయ్యం బుట్ట అని అర్థం. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది కనుక ఆకు ముక్క కోయాలన్నా వంద ప్రశ్నలు, అడగాల్సినవే. బాఘ్‌మారా దగ్గర దాని కోసమే చిన్న అభయారణ్యం ఉంది. కంచె బయట నిలబడి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పొదల మధ్య కూజాలు కంటికి ఆనడానికి కాసేపు పడుతుంది.

ఐఎస్‌ఎస్‌ఆర్‌లో పట్టీ ఉందా లేదా అన్నదే తెలుస్తుంది. పట్టీ ఉన్న మొక్కలో ఆ యుగ్మవికల్పం ఒకటి ఉందో రెండు ఉన్నాయో తెలియదు. మరి సాఫ్ట్‌వేర్ వైవిధ్యం ఎలా లెక్కిస్తుంది? మొక్కలన్నీ ఒకదానితో ఒకటి యథేచ్ఛగా సంకరం అవుతున్నాయని అనుకుని, పట్టీ లేని మొక్కల వాటాకు వర్గమూలం తీస్తుంది. వంద మొక్కల్లో 36కు పట్టీ లేకపోతే, పట్టీ ఇవ్వని యుగ్మవికల్పం వాటా 0.6 అంటుంది. నా నెపెంథిస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. తనతో తాను సంకరం కావడం అసాధ్యం కనుక ఆ ఊహ కొంతవరకైనా చెల్లింది. పూర్తిగా ఆత్మపరాగసంపర్కం చేసుకునే మొక్కలో అదే 36కు అసలు జవాబు 0.36. ఒకే జెల్, రెండు లోకాలు. మీ డ్రోసెరా ఏ కోవదో తెలియకుండా ఐఎస్‌ఎస్‌ఆర్ చేస్తే బోలెడు పట్టీలు వస్తాయి, నిజమే. వాటి అర్థం మాత్రం రాదు.

ఇంకొకటి. ఐఎస్‌ఎస్‌ఆర్ ప్రైమరు ఎవరి డీఎన్ఏ అని అడగదు, దొరికిన చోటల్లా అతుక్కుంటుంది. చీమలను తినే మొక్కకు అది వాడితే, పట్టీల్లో చీమ వాటా ఎంతో మీరే లెక్క చెప్పుకోవాలి.

రెండోమజిలీ:

ఈ కాలంలో ఇంకా మైక్రోశాటిలైట్లేనా? డీడీరాడ్ (జీనోములో ఎంచిన ముక్కలను మాత్రమే సీక్వెన్సు చేసే పద్ధతి) చేయించండి, వేలకొద్దీ ఎస్‌ఎన్‌పీలు, అంటే ఒక్క అక్షరపు తేడాలు, వస్తాయి. 2020లోనే మీ మొక్కకు చుట్టమైన డ్రోసెరా స్పాట్యులాటా జీనోమ్, పురుగులను తినే మరో రెండు మొక్కలు వీనస్ ఫ్లైట్రాప్, ఆల్డ్రోవాండా జీనోములతో కలిసి వెలువడింది. మీ డేటాను దాని మీద పరిచి చూస్తే చీమ ముక్కలు చాలావరకు విడిపోతాయి.

జెల్‌ముందు:

రెండోమజిలీ గారూ, ఆమె డబ్బు అడుగంటిందని మొదటి ప్రశ్నలోనే రాశారు. పైగా నాణెమంత మొక్క నుంచి డీడీరాడ్‌కు సరిపడా శుభ్రమైన డీఎన్ఏ 62 సార్లు తీయడం మీ దగ్గర కిట్లతో సులువేమో, ఇక్కడ కాదు. జీనోమును వాడుకుని చీమ ముక్కలను వేరు చేయమన్న మాట మాత్రం బాగుంది. ఆ పని ఇప్పుడున్న డేటాకే చేయవచ్చు, ఖర్చు లేదు.

పాత హెర్బేరియం:

అమ్మా, నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పీసీఆర్ యంత్రం మా కాలేజీకి వచ్చేసరికి నా పదవీ విరమణ సభ అయిపోయింది. కనుక యంత్రాల గురించి చెప్పను. రెండు ప్రశ్నలు అడుగుతాను.

ఒకటి: 24 జతల్లో ఏది తేడా చూపిస్తుందో పరీక్షించడానికి మొదట కొన్ని మొక్కలే తీసుకుని ఉంటారు. అవి ఎన్ని, ఎక్కడివి? రెండు: ఈ మొక్క పువ్వును ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని చూశారా?

తడినేల:

జెల్‌ముందు గారూ, టీ రంగు, తేనె సాగుడు, రెండూ అక్షరాలా నిజం. మా ప్రయోగశాలలోకి తొంగిచూశారేమో అనిపించింది.

మాస్టారూ, పరీక్షకు 8 మొక్కలు తీసుకున్నాను. ఎనిమిదీ మొదటి తావులోవే. అందులోనూ ఒకే గుంట అంచున, చాప పరిచినంత మేరలో ఉన్నవి. అవి బాగా ఎదిగి ఉన్నాయని, డీఎన్ఏ ఎక్కువ వస్తుందని తీసుకున్నాను. తేడా ఉందో లేదో మూడు శాతం అగరోజ్ జెల్ మీద చూశాను. పువ్వు చూశాను గానీ కూర్చుని చూడలేదు. తొమ్మిదిన్నరకు తెరుచుకుని ఉంది, తిరిగి వెళ్ళేటప్పుడు మూసుకుపోయింది.

పాత హెర్బేరియం:

అనుకున్నాను.

ఆ చిన్న తెల్ల పువ్వు ఎండ ఉన్న పూట కొన్ని గంటలే తెరుచుకుంటుంది. ఆ కాస్త సమయంలో ఏ ఈగ వచ్చినా రాకపోయినా దానికి పెద్ద చింత లేదు, తన పుప్పొడితో తానే విత్తనం కట్టగలదు. మా విద్యార్థులతో మొగ్గలకు పలచటి మల్లు గుడ్డ సంచులు కట్టించి చూసేవాళ్ళం. సంచిలో ఉన్న కాయల్లోనూ ఇసుక రేణువుల్లాంటి నల్లటి విత్తనాలు నిండుగా ఉండేవి. పరీక్షలో ఈ ప్రశ్న ఎవరూ అడగరని పిల్లలు విసుక్కునేవారు.

ఇప్పుడు లెక్క. ఆత్మపరాగసంపర్కం జరిగిన ప్రతి తరంలోనూ విషమయుగ్మజాలు సగానికి పడిపోతాయి. అయిదు తరాలకు ముప్పై రెండో వంతు, అంటే మూడు శాతం. మీ మొక్క ఏడాది మొక్క, కాబట్టి అయిదేళ్ళు చాలు. మీ గుంట వయసు అయిదేళ్ళకు మించే ఉంటుంది. ఎప్పుడో నీళ్ళలో కొట్టుకొచ్చిన నాలుగు విత్తనాల సంతానమే ఆ గుంటంతా. ఒకే చెట్టు కాయల్లో ఎనిమిది కోసి, మామిడిలో రకాలే లేవని తేల్చినట్టుంది మీ పరీక్ష. తేడా లేనిది మొక్కలో కాదు, మీరు ఎంచుకున్న ఎనిమిదింటిలో.

శూన్య యుగ్మవికల్పాల ఎర్రజెండా కూడా అంతే. ఆ సాఫ్ట్‌వేర్ యథేచ్ఛ సంకరాన్ని నమ్ముకుని పని చేస్తుంది. విషమయుగ్మజాలు తగ్గితే దానికి తెలిసిన కారణం ఒక్కటే, మార్కరు చెడిందని. మీరు ఇలా వేరు చేసి చూడండి: మార్కరు లోపమైతే ఆ ఒక్క మార్కరులోనే లోటు కనిపిస్తుంది, కొన్ని మొక్కల్లో ఎన్నిసార్లు పెట్టినా అసలు పట్టీయే రాదు. ఆత్మపరాగసంపర్కమైతే అన్ని మార్కర్లలోనూ ఇంచుమించు ఒకే మోతాదులో లోటు ఉంటుంది. నూటికి తొంభై విత్తనాలు సొంత పుప్పొడితో పుట్టే మొక్కలో, కాలక్రమేణా ఆ లోటు (0 అంటే లోటే లేదు, 1 అంటే విషమయుగ్మజాలే లేవు) 0.82 దగ్గర నిలుస్తుంది. మీ అయిదు మార్కర్లకు ఎంతెంత వచ్చిందో ఒకసారి వరుసగా రాయండి.

తడినేల:

0.79, 0.84, 0.81, 0.86, 0.80.

పాత హెర్బేరియం:

మరి ఇంకేం కావాలి? మీ అయిదు మార్కర్లూ ఒకే మాట చెబుతున్నాయి, మీరు వాటిని అబద్ధాలకోరులు అంటున్నారు.

జెల్‌ముందు:

మాస్టారికి దండం. నేను ఒకటే కలుపుతాను. మూడు శాతం అగరోజ్ మీద 150 అక్షరాల ముక్కకీ 153 అక్షరాల ముక్కకీ తేడా కనిపించదు, ఎంత కళ్ళు చికిలించినా. మీ 19లో కొన్నింటిలో ఆ మూడక్షరాల తేడా ఆ ఎనిమిది మొక్కల్లోనే ఉండి కూడా తప్పిపోయి ఉండవచ్చు. ఈసారి పరీక్షే కేపిలరీ మీద చేయండి. ఆ యంత్రానికి కనబడేలా ప్రతి ప్రైమరుకూ రంగు అతికించాలంటే ఆస్తులు అమ్మాలి. 2000లో షూల్కె అనే పరిశోధకుడు ప్రచురించిన ఉపాయం వాడండి: ప్రతి జతలోనూ ముందువైపు (ఫార్వర్డ్) ప్రైమరుకు ఎం13 అనే సీక్వెన్సును 18 అక్షరాల తోకగా చేర్చి తెప్పించుకోండి, రంగు ఉన్న ఎం13 ప్రైమరు ఒక్కటి కొంటే అన్నింటికీ అదే. రంగు లేనివి చవక. రెండక్షరాల పునరావృత్తాలకు అసలు శిఖరం ముందు చిన్న చిన్న దొంగ శిఖరాలు వస్తాయి, చదవడం తలనొప్పి. మూడక్షరాలవి ముందు పెట్టుకోండి.

కూజామొక్క:

శాంపిళ్ళ గురించి కూడా మాస్టారి మాటనే పొడిగిస్తాను. మా నెపెంథిస్‌లో ఒక కొండ మీద ఎక్కువ మొక్కలు తీసుకోవడం సబబే, ఎందుకంటే పక్కపక్క మొక్కలే చాలా తేడాగా ఉండేవి. మీకు తలకిందులు. ఒక గుంటలో పదిహేనో మొక్క కొత్తగా చెప్పేది చాలా తక్కువ, పదిహేనో గుంట చెబుతుంది. వచ్చే వానాకాలానికి తావులు పెంచి, ఒక్కో తావులో నాలుగైదు మొక్కలకు తగ్గించండి. ఒకే వాగు మీద పైన ఒక గుంట, కింద ఒక గుంట దొరికితే వదలకండి. విత్తనం నీళ్ళతో దిగుతోందో లేదో అక్కడ బయటపడుతుంది.

మొక్కలను గుంపులుగా విడదీసే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్‌లో వేసే ముందు ఆలోచించండి, దానిదీ యథేచ్ఛ సంకరం నమ్మకమే. నేనైతే ఆ నమ్మకం అక్కరలేకుండా గుంపులు చూపే డీఏపీసీ వాడతాను. ముందు మాత్రం కాగితం మీద, అన్ని మార్కర్లూ కలిపి చూస్తే ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయో చేత్తో లెక్కపెడతాను. మీ థీసిస్‌లో మొదటి పట్టిక అదే కావాలి.

తడినేల:

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

ముందు ఖర్చు లేని పనులు చేశాను. పని చేయని 16 జతల మూల సీక్వెన్సులను బ్లాస్ట్‌లో వేస్తే 4 కీటకాలవి, 3 బాక్టీరియావి. తొమ్మిదింటికి మాత్రం ఏ పోలికా దొరకలేదు. రెండో తావులో అదనపు శిఖరం వచ్చిన మూడు మొక్కలవీ పూల కాడలు సిలికా జెల్‌లో ఎండబెట్టి దాచాను. వాటి నుంచి మళ్ళీ డీఎన్ఏ తీసి అదే మార్కరు పెడితే ఆ శిఖరం మూడింటిలోనూ మాయమైంది. నా క్షేత్ర పుస్తకం తిరగేస్తే ఆ రోజు పేజీలో నా రాతే కనిపించింది: ‘ఇక్కడ చీమలు విపరీతం, కూర్చోలేకపోయాను.’

తరువాత ఎం13 తోకలతో ఆ 19 జతలనూ తెప్పించి, ఈసారి ప్రతి తావు నుంచి రెండేసి చొప్పున 8 మొక్కల మీద నడిపాను. 11 జతలు తేడా చూపించాయి. అందులో 7, శేషాచలం తావులన్నింటిలో ఒక పొడవు, అరకు మొక్కల్లో ఇంకో పొడవు. మిగతా నాలుగు శేషాచలం తావుల మధ్యే తేడా చూపాయి. ఒకే తావులోని రెండు మొక్కల మధ్య తేడా చూపించినది ఒక్కటే. ఇంకో రెండు జతల శిఖరాలు గజిబిజిగా ఉన్నాయి, వాటిని వదిలేస్తున్నాను.

గైడు గారికి మాస్టారి లెక్కను కాగితం మీద వేసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ‘పువ్వు సంగతి ముందే చూడాల్సింది’ అన్నారు. ఎవరు చూడాల్సిందో చెప్పలేదు. ఐఎస్‌ఎస్‌ఆర్ మాట మళ్ళీ రాలేదు.

మొగ్గల కాలం మొదలైంది. రేపు తెల్లవారుజామున మొదటి తావుకు వెళ్తున్నాను. మల్లు గుడ్డతో 40 సంచులు కుట్టాను. మాస్టారూ, కాడ మరీ సన్నం, సంచి బరువుకే వంగిపోతుందేమో. మీరు దేనికి కట్టేవారు?

పాత హెర్బేరియం:

చీపురుపుల్ల నేలలో గుచ్చి, సంచిని పుల్లకు కట్టాలి, కాడకు కాదు. దారపు ముడి వదులుగా వేయండి. పక్కనే అన్నే మొగ్గలు సంచి లేకుండా, దారం గుర్తుతో వదిలేయండి, పోల్చి చూడడానికి అవే ఆధారం. తొమ్మిదికల్లా కట్టేయాలి, ఎండ ఎక్కితే పువ్వు మీ కోసం ఆగదు.